తుపాను, వరదలను తట్టుకునే భవనాలు: కోస్తాంధ్ర

పెనుగాలి, ఉప్పెన, ముంపు వచ్చినా కూలకుండా నిలిచి, ఆ తర్వాత త్వరగా వాడకానికి పనికొచ్చేలా కట్టే భవనాలివి. కోస్తాంధ్రలో ప్రాణరక్షణతో మొదలైన ఈ ప్రయత్నం క్రమంగా పైకప్పు, కిటికీ, కరెంటు మీటరు దాకా విస్తరించింది.

ఆశ్రయాలు

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది చనిపోయారు. తాటాకు ఇళ్లు, మట్టిగోడలు నిలవలేదు. తర్వాత తీరగ్రామాల్లో ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు కాంక్రీటు ఆశ్రయాలు కట్టించాయి. వాటిలో చాలావాటిని స్తంభాలపై ఎత్తుగా నిలపడంతో ఉప్పెన నీరు గోడలను ఢీకొనకుండా కిందుగా సాగిపోతుంది.

ప్రమాణాలు

గాలి ఒత్తిడికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం (1987) దేశాన్ని గాలివేగ మండలాలుగా విభజించింది. దీని ప్రకారం విశాఖపట్నంలో మూలవేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కి.మీ.; హైదరాబాదులో 44 మీటర్లు. 2015 సవరణ తూర్పు తీరం నుంచి 60 కి.మీ. లోపు ఆసుపత్రులు, బడులు, తుపాను ఆశ్రయాలకు ఈ వేగాన్ని 1.30 రెట్లు చేసి లెక్కకట్టాలంది. ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక ఈ భవనాలు దాదాపు 70 శాతం అదనపు ఒత్తిడిని తట్టుకోవాలి.

హుద్‌హుద్

2014 అక్టోబరు 12న గంటకు సుమారు 180 కి.మీ. గాలులతో హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటింది. కాంక్రీటు భవనాలు చాలావరకు నిలిచినా కిటికీలు, అద్దాల గోడలు, రేకుల కప్పులు ఎగిరిపోయాయి. విమానాశ్రయ టెర్మినల్ పైకప్పూ దెబ్బతింది. కప్పు మీదుగా దూసుకుపోయే గాలి దాన్ని పైకి లాగుతుంది. పగిలిన కిటికీలోంచి చొరబడ్డ గాలి కిందనుంచి నెడుతుంది. అందుకే రేకును దూలానికి, దూలాన్ని గోడకు, గోడను పునాదికి తెగని గొలుసులా బిగించాలి. అంచుల్లో, మూలల్లో లాగుడు ఎక్కువ కాబట్టి అక్కడ బోల్టులు దగ్గరదగ్గరగా వేయాలి. తుపాను తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో విద్యుత్ తీగలను భూగర్భంలోకి మార్చే పని చేపట్టారు.

ముంపు

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరదకు విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో కింది అంతస్తులు రోజుల తరబడి నీట మునిగాయి. మీటరు బోర్డులు, మోటార్లు కిందే ఉంటే పై అంతస్తులవారికీ కరెంటు, నీళ్లు అందవు. వాటిని వరద మట్టానికి పైన అమర్చడం, మురుగు వెనక్కి తన్నకుండా గొట్టాలకు వాల్వులు బిగించడం, సెల్లారులో జనరేటరు పెట్టకపోవడం తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. వాగు దారిలో కట్టిన భవనానికి మాత్రం ఇవేవీ చాలవు. నీటికి చోటు విడిచాకే పునాది తవ్వాలి.