తోలుబొమ్మలాటకు బాలాలయం

శిథిలమైన ఆలయాన్ని పునరుద్ధరించిన ప్రభువును స్మరించుకొంటూ జరిగిన ఒక ఉత్సవంలో ఒక నాటకం ప్రదర్శింపబడిన సంగతి సంస్కృత నాటక చరిత్రలో నిలిచి ఉన్నది. ఆ ఆలయం సౌరాష్ట్ర తీరాన, దేవపట్టణమని పేరొందిన ప్రభాసక్షేత్రంలో వెలసిన శ్రీ సోమనాథుని కోవెల. దానిని ఉద్ధరించినవాడు చౌళుక్య వంశీయుడైన కుమారపాలుడు. 1169 నాటి శాసనం ఆ పునర్నిర్మాణాన్ని పేర్కొంటున్నది. కుమారపాలుడు దివంగతుడైన చాలా ఏండ్లకు, అదే వంశంవాడైన త్రిభువనపాలుని ఏలుబడిలో, నేడు గుజరాత్‌లో పాటన్ అని పిలువబడుతున్న అణహిలపాటక నగరంలో, వసంతకాలపు ఉత్సవ సమయాన ఆ నాటకం ఆడబడినది. అది 1243వ సంవత్సరం నాటిదని పండితులు నిర్ణయించారు. నాటకం పేరు 'దూతాంగదం'. కర్త సుభట కవి. తన రచనను ఆయన 'ఛాయానాటకం' అని పేర్కొన్నాడు.

దాదాపు ఎనిమిది శతాబ్దాల నాటి ఆ సంగతిని ఈ సంచికలో ప్రస్తావించుటకు కారణమున్నది. మన ఆలయ జీర్ణోద్ధరణ, కుంభాభిషేక మహోత్సవాల సందర్భంగా మన పాఠశాల విద్యార్థులు ఈ దూతాంగద కథనే తోలుబొమ్మలాటగా ప్రదర్శింపనున్నారు. పిల్లలు ఎన్నుకొన్న నాటకానికీ, వారు చేపట్టిన కళకూ, ఈ ఉత్సవానికీ గల చారిత్రక సంబంధాన్ని భక్తులకు విన్నవించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

దూతాంగద కథ

శ్రీరామచంద్రుడు యుద్ధానికి ముందు వాలిపుత్రుడైన అంగదుని రావణుని వద్దకు దూతగా పంపుతాడు. సీతను అప్పగించి ప్రాణాలు దక్కించుకొమ్మని చెప్పుట అతని పని. మండోదరి, విభీషణుడు చెప్పిన హితవు రావణుని చెవికెక్కదు. పైగా అతడు ఒక మాయాసీతను కల్పించి, సీత తనకు వశమైనదని అంగదునికి భ్రమ కలిగించజూస్తాడు. అంగదుడు ఆ మాయకు లోబడడు. రావణుని ధిక్కరించి తిరిగి వస్తాడు. ఆపై యుద్ధం, రావణ సంహారం, శ్రీరామ విజయం. కథ చిన్నది, రంగాలు కొద్ది, పాత్రలు పరిమితం. ఒక రాత్రి ఆటకు తగిన కూర్పు.

'ఛాయానాటకం' అనే మాటకు అర్థమేమి అన్న విషయమై పండితులలో ఏకాభిప్రాయం లేదు. తెరపై నీడబొమ్మలతో ఆడించే నాటకమే ఇదని జర్మన్ సంస్కృత విద్వాంసుడు రిచర్డ్ పిషెల్ 20వ శతాబ్ది ఆరంభంలో వాదించాడు. ఛాయ అనగా పూర్వకవుల రచనలకు నీడవంటి సంగ్రహమని మరికొందరు భావించారు. ఈ వివాదం తేలకపోయినా, దూతాంగదంలోని మాయాసీత ఘట్టం నీడబొమ్మల తెరకు ఎంత చక్కగా ఒదుగుతుందో ఆలోచింపదగినది. తెరపై అసలు సీతయూ నీడయే, మాయాసీతయూ నీడయే. ఒకే బొమ్మతో ఇద్దరినీ చూపవచ్చును. ప్రేక్షకునికి ఆ భేదం కంటికి కనబడదు, చెవికి వినబడాలి. పాడేవాని గొంతులోనే సత్యాసత్యాల వివేకమంతా ఉంటుంది.

తెలుగునాట తోలుబొమ్మ

తెలుగువారికి బొమ్మలాట ప్రాచీనమైనది. కాకతీయుల కాలంనాటి పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో, శ్రీశైల మహాక్షేత్రంలో శివరాత్రి వేడుకలను వర్ణిస్తూ, వస్త్రం మరుగున బొమ్మలను ఆడిస్తూ భారతాది కథలను ప్రదర్శించేవారిని పేర్కొన్నాడు. కనుక తోలుబొమ్మల తెరకు ఆలయోత్సవంతో గల సంబంధం నిన్న మొన్నటిది కాదు. కేరళలోని తోల్పావకూత్తు ఈ బంధానికి మరొక నిదర్శనం. అక్కడ భద్రకాళి ఆలయాల ఆవరణలో కూత్తుమాడం అనే ప్రత్యేక మండపమే ఉంటుంది. దారికాసురునితో పోరుతూ రామరావణ యుద్ధాన్ని చూడలేకపోయిన దేవికోసం ఆ కథను ఏటేటా నీడలతో ప్రదర్శిస్తున్నామని వారి విశ్వాసం. ప్రేక్షకులు ఎవరూ లేకున్నా ఆట ఆగదు. అమ్మవారు చూస్తున్నదన్నదే వారి నమ్మకం.

మన తోలుబొమ్మలాటకు ప్రాణం పోసినది ద్విపద. 13వ శతాబ్దిలో గోన బుద్ధారెడ్డి రచించిన రంగనాథ రామాయణం ఈ కళాకారులకు ప్రధానాధారమైనది. పాడుటకు అనువైన ఆ ఛందస్సు, సామాన్యునికి అందే ఆ నుడికారం తెరవెనుక గొంతులకు సహజంగా అమరినవి. ఈ కళను తరతరాలుగా కాపాడిన కుటుంబాలలో పలువురు ఇంట మరాఠీ మాట్లాడేవారే. ఇంట ఒక భాష, తెరవెనుక తెలుగు ద్విపద. మన భాషాసంపదను ఇంత శ్రద్ధగా కంఠస్థం చేసినవారికి మనం ఋణపడి ఉన్నాము.

నేటి శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం ప్రాంతంలోని నిమ్మలకుంట ఈ కళాకారుల గ్రామంగా ప్రసిద్ధి చెందినది. ఆ జిల్లాలోనే, 16వ శతాబ్దిలో అచ్యుతరాయల కాలాన విరూపణ్ణ నిర్మింపజేసిన లేపాక్షి వీరభద్రాలయం ఉన్నది. అక్కడి పైకప్పు చిత్రాలలోని పక్కచూపు ముఖాలు, విశాలమైన కన్నులు, అల్లికలతో నిండిన వస్త్రాలు తోలుబొమ్మలను తలపిస్తాయని కళాచరిత్రకారులు గుర్తించారు. గుడి కప్పుమీద చిత్రం, గుడి ముందు బొమ్మ ఒకే సంప్రదాయపు బిడ్డలని తోచకమానదు.

తెరవెనుక పనితనం

ప్రదర్శన రెండు గంటలే కావచ్చును. దాని వెనుక శ్రమ మాత్రం అపారం. మేకతోలును నానబెట్టి, వెండ్రుకలను తొలగించి, గీకి, సాగదీసి ఆరబెట్టగా అది వెలుగు చొరబడేటంత పలుచనవుతుంది. పూర్వం దేవతామూర్తులకు, ప్రధాన పాత్రలకు జింకతోలు వాడేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత ఆ పద్ధతి చెల్లదు. రూపం గీసి, చిన్న చిన్న ఉలులతో ఆభరణాల మేరకు రంధ్రాలు పొడిచి, రెండువైపులా రంగులు అద్దుతారు. భుజాలు, మోచేతులు, నడుము, మోకాళ్ళు విడివిడిగా కత్తిరించి కదిలేటట్లు కూర్చుతారు. కొన్ని బొమ్మలు మనిషి ఎత్తు ఉంటాయి. నడుమ నిలువుగా కట్టిన వెదురుబద్ద బొమ్మకు వెన్నెముక.

తెల్లని వస్త్రాలను ఈతముళ్ళతో జతచేసి తెర కడతారు. పూర్వం ఆముదపు దీపాలు, ఇప్పుడు విద్యుద్దీపాలు. బొమ్మను తెరకు అదిమితే రంగులతో సహా స్పష్టంగా కనబడుతుంది. వెనుకకు తీస్తే మసకబారి మాయమవుతుంది. మద్దెల, తాళాలు, గజ్జెలు, హార్మోనియం తోడుంటాయి. కాళ్ళక్రింద చెక్కపలకలుంటాయి. యుద్ధఘట్టంలో ఆ పలకలపై అడుగులు వేస్తే సేనలు కదిలినట్లు మ్రోగుతుంది. గణపతి ప్రార్థనతో ఆట మొదలవుతుంది. నడుమ కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి నవ్విస్తారు. స్త్రీపాత్రలకు ఆ కుటుంబాల స్త్రీలే గొంతునిస్తారు. భార్యాభర్తలు, పిల్లలు కలిసి ఒకే తెరవెనుక నిలిచే కళ ఇది. వానలు కురవాలని విరాటపర్వం ఆడించుకొనే ఆచారం కూడా మన పల్లెలలో ఉండేది.

బ్రతికిన బొమ్మ, సన్నగిల్లిన పాట

సినిమా వచ్చినది, పిమ్మట టెలివిజన్ వచ్చినది. రాత్రంతా కూర్చుండి చూచే తీరిక తగ్గినది. కళాకారుల కుటుంబాలు అదే తోలుతో దీపపు గుమ్మటాలు, గోడకు తగిలించే చిత్రాలు చేసి జీవనం సాగించనారంభించినవి. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించినది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటింపబడినది. ఇవి సంతోషింపదగిన విషయాలే. కానీ ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. గుమ్మటం కొనేవారున్నంతకాలం తోలు చెక్కే చేయి నిలుస్తుంది. ద్విపద పాడే గొంతుకు అట్టి అంగడి లేదు. చేతి విద్య మిగిలి, గొంతు విద్య తరిగిపోతే, మిగిలేది అందమైన బొమ్మయే గాని ఆట కాదు.

ఈ సంగతి మన విద్యార్థుల అభ్యాసంలోనే తేటతెల్లమైనది. వారికి మెలకువలు నేర్పుటకు వంశపారంపర్యంగా ఈ కళను ఆడించిన ఒక వృద్ధుని ఆహ్వానించడమైనది. అప్పటికి పిల్లలు బొమ్మలను చక్కగానే కదలిస్తున్నారు. పద్యాలు తప్పిపోకుండా ఉండేందుకు, ముందుగానే పాడించి యంత్రంలో భద్రపరచిన పాటను వినిపించుటకు మేము ఏర్పాటు చేసియుంటిమి. అంగదుడు కొలువులో ప్రవేశించే ఘట్టం సగంలో ఆ పెద్దాయన చేయెత్తి ఆపివేశారు. "అయ్యవారూ, పెట్టెలోని పాటకు చెవులుండవు. పిల్లోళ్ళ చేతనే పాడించండి" అన్నారు. ప్రేక్షకుడు నవ్వితే పాట నిలవాలి, అతడు ఉలికిపడితే పాట సాగాలి. బొమ్మ పాటను, పాట సభను అనుసరించుటయే ఈ కళకు ఊపిరి అని ఆయన వివరించారు. ఆనాటినుండి పిల్లలే పాడుతున్నారు. తప్పులు దొర్లుతున్నవి, అయినను ఆట సజీవమైనది. మాయాసీత వచ్చినప్పుడు ఒక బాలిక గొంతును కొద్దిగా మార్చి పాడగా, చూస్తున్న చిన్నపిల్లలు "ఆమె సీత కాదు" అని తమంతట తామే అరిచారు. ఆ పెద్దాయన అప్పుడు మాత్రమే తల ఊపారు.

ఆయన మనుమలు పట్టణంలో చదువుకొంటున్నారు. వారికి ఈ పాట రాదు. ఆ మాట ఆయన ఫిర్యాదుగా చెప్పలేదు, అడిగితే చెప్పారు.

బాలాలయ ధర్మం

ఆగమ సంప్రదాయంలో జీర్ణోద్ధరణకు ఒక క్రమమున్నది. గర్భాలయంలో పనులు ఆరంభించుటకు ముందు మూలమూర్తియందలి కళను కుంభంలోనికి ఆవాహన చేసి, బాలాలయంలో నిలిపి, నిత్యార్చనలు లోపం లేకుండా జరుపుతారు. పనులు పూర్తియైన పిమ్మట ఆ కళను తిరిగి మూలమూర్తికి చేర్చి కుంభాభిషేకం నిర్వహిస్తారు. ఈ రెండేండ్లుగా మన స్వామి బాలాలయంలోనే పూజలందుకొన్న సంగతి భక్తులందరికీ తెలిసినదే. బాలాలయం చిన్నదైనా అక్కడి పూజ వేడుక కాదు, నిజమైన పూజ. అయితే అది శాశ్వత స్థానమూ కాదు. కళ మూలస్థానానికి చేరనిదే జీర్ణోద్ధరణ పూర్తియైనట్లు కాదు.

మన విద్యార్థుల ప్రదర్శనను ఈ దృష్టితో చూడవలెనని మనవి. శిథిలావస్థలోనున్న ఒక మహాకళకు ఈ పిల్లల తెర ఒక బాలాలయం. పిల్లలు పాడిన నాలుగు పద్యాలలోనూ ఆ కళ నిజంగానే ఉన్నది. కానీ ఇంతటితో మనం తృప్తిపడి, బొమ్మలను పాఠశాల బీరువాలో దాచి తాళం వేసినచో, కుంభంలోని కళను కుంభంలోనే మరచిన వారమవుతాము. దాని మూలస్థానం తరతరాలుగా ఈ ఆటను ఆడించిన కుటుంబాల కంఠసీమ. అక్కడికి అది తిరిగి చేరాలి.

అందుకు మనము చేయగలిగినది లేకపోలేదు. ఏటేటా మన బ్రహ్మోత్సవాలలో ఒక రాత్రిని తోలుబొమ్మలాటకు కేటాయించి, వంశపారంపర్య కళాకారుల బృందాన్ని తగిన సంభావనతో ఆహ్వానించవచ్చును. ఆ రాత్రి మన విద్యార్థులు వారి ప్రక్కన తాళం పట్టి, వంతపాట పాడి నేర్చుకొనవచ్చును. పెద్దలు పాడే ద్విపదలను, వారి పాఠభేదాలతో సహా, పిల్లలచేత వ్రాయించి ఆలయ గ్రంథాలయంలో ఒక ప్రతిని, ఆ కుటుంబం వద్ద ఒక ప్రతిని ఉంచవచ్చును. తన ఇంటి పాటను వేరొకరు కోరి వచ్చి నేర్చుకొంటున్నారని తెలిసినప్పుడు ఆ ఇంటి మనుమడు కూడ ఒకనాడు తెరవెనుకకు రావచ్చును.

సోమనాథ దేవుని కోవెల ఆ తరువాత పలుమారులు ధ్వంసమైనది, పలుమారులు పునర్నిర్మింపబడినది. నేటి ఆలయంలో 1951లో ప్రతిష్ఠ జరిగినది. కుమారపాలుడు కట్టించిన రాతి గోడలు నిలువలేదు. ఆయన స్మృత్యర్థం ఆడిన చిన్న నాటకం మాత్రం దాదాపు ఎనిమిది వందల ఏండ్లు నిలిచి, మన ఊరి పిల్లల చేతులలోనికి వచ్చినది. కుంభాభిషేక పుణ్యదినాలలో స్వామి దర్శనం చేసికొన్న భక్తులు ఆ రాత్రి కొంతసేపు తెరముందు కూర్చుండి, తెరవెనుక పాడే లేత గొంతులను ఆశీర్వదించవలసినదిగా ప్రార్థన.

స్వస్తి.