గిట్ లాగ్: మొదటి నమోదే మొదలా?

చరిత్ర విద్యార్థులుగా మీరు శాసనాలను, తాళపత్ర ప్రతులను ఆధారాలుగా పరిశీలించడం నేర్చుకున్నారు. ఇప్పుడు మన కాలపు ఆధారం ఒకదాన్ని, అంటే కంప్యూటర్ ప్రోగ్రాముల మార్పుల దస్త్రాన్ని, అదే దృష్టితో చూద్దాం.

లినక్స్ కెర్నల్‌ను లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించారు. తొలి దశాబ్దంలో ఇతరులు పంపిన మార్పులను ఆయనే స్వయంగా కలుపుకొనేవారు. ఏ మార్పు ఎవరిదో నమోదు చేసే సాధనమేదీ వాడలేదు. 2002లో బిట్‌కీపర్ అనే సాధనాన్ని స్వీకరించారు. 2005 ఏప్రిల్‌లో దాన్ని ఉచితంగా వాడుకొనే వీలు పోవడంతో ఆయనే గిట్‌ను రాయడం మొదలుపెట్టారు.

గిట్‌లో నమోదయ్యే ప్రతి మార్పును కమిట్ అంటారు. అందులో రాసినవారి పేరు, తేదీ, వివరణతో పాటు దానికి ముందున్న కమిట్ గుర్తింపు సంఖ్య కూడా ఉంటుంది. గిట్ లాగ్ ఆదేశం ఈ సంఖ్యల ఆధారంగా, వంశవృక్షంలో తండ్రి నుంచి తాతకు వెళ్లినట్లు, వెనక్కి నడుస్తుంది. గిట్ బ్లేమ్ ఆదేశం ఫైలులోని ఒక్కొక్క పంక్తి ఏ కమిట్ నుంచి వచ్చిందో చూపుతుంది.

కెర్నల్‌లోని ‘ఇనిట్/మెయిన్.సి’ అనే ఫైలును ఉదాహరణగా తీసుకోండి. దాని గిట్ లాగ్ 2005 ఏప్రిల్ 16 దగ్గర ఆగిపోతుంది. గిట్ బ్లేమ్‌లో ఎన్నో పాత పంక్తుల పక్కన అదే తేదీ, టోర్వాల్డ్స్ పేరు కనిపిస్తాయి. కాని ఆ పంక్తులను చదవండి. ఒకదానిలో 1991, 1992 నాటి కాపీరైట్ ప్రకటన ఉంది. మరొకదానిలో వేరొకరి పేరు, 1996 మే అన్న కాలం ఉన్నాయి. దస్త్రం ఒకటి చెబుతుంటే, పాఠం మరొకటి చెబుతోంది.

కారణం ఇది. ఆనాడు 17 వేలకు పైగా ఫైళ్లను ఒకే కమిట్‌గా గిట్‌లో చేర్చారు. పాత చరిత్ర మొత్తం కలిపితే 3.2 గిగాబైట్లు అవుతుందని, కావాలంటే దాన్ని తరువాత విడిగా భద్రపరచుకోవచ్చని టోర్వాల్డ్స్ ఆ కమిట్ వివరణలోనే రాశారు. తాళపత్ర ప్రతి చివర లేఖకుడు వేసిన తేదీ గ్రంథరచన తేదీ కానట్లే, ఇదీ చేర్చిన తేదీయే గాని రాసిన తేదీ కాదు. ఈ తేడా గమనించకపోతే ఎందరో రచయితల శ్రమ ఒక్కరి ఖాతాలో పడుతుంది.

గిట్ కూడా మనల్ని హెచ్చరిస్తూనే ఉంది. అలాంటి పంక్తుల కమిట్ సంఖ్యకు ముందు బాణం మొన వంటి చిన్న గుర్తు ఉంటుంది. దస్త్రం హద్దు ఇక్కడితో ముగిసిందని దాని అర్థం. బిట్‌కీపర్ కాలపు చరిత్రను తరువాత వేరే భాండాగారంగా సిద్ధం చేశారు. గిట్ రీప్లేస్ ఆదేశంతో దాన్ని నేటి చరిత్రకు అతికించి, మరింత వెనక్కి వెళ్లవచ్చు.

కనుక మీరు ఏ దస్త్రాన్ని చదివినా, దాని మొదటి నమోదు దగ్గర ఆగి ఒక ప్రశ్న వేయండి: ఇది సంఘటన మొదలా, లేక నమోదు మొదలా?

మీ ప్రగతిని పరీక్షించుకోండి: గిట్ బ్లేమ్ చూపే పేరును రచయిత పేరుగా అంగీకరించే ముందు ఏ అంతర్గత ఆధారాలను పరిశీలిస్తారు?