ఓడ ఎటు పోతుందో ముందే చెప్పే లెక్క

హైదరాబాదుకు సముద్రం చాలా దూరం. కానీ ఓడ ఎటు పోతుందో చెప్పే విద్యలో ఒక ముఖ్యమైన పాయ ఆ ఊళ్లోనే ఉంది. ఆ కథ మాత్రం అలాస్కాలో మొదలైంది.

1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డెజ్ ట్యాంకరు అక్కడి రాతిదిబ్బ ఎక్కి, సుమారు 4 కోట్ల లీటర్ల ముడిచమురు సముద్రం పాలైంది. ట్యాంకర్ల జాడ తీరానికి ఎప్పటికప్పుడు తెలియాలని మరుసటి ఏడాదే అమెరికా చట్టం చేసింది. ఓడలన్నీ ఒకే రేడియో చానెల్ మీద వంతులవారీగా మాట్లాడే పద్ధతిని స్వీడన్‌కు చెందిన హాకన్ లాన్స్ రూపొందించాడు. అలా వచ్చిందే ఏఐఎస్ అనే ఏర్పాటు. 2004 ముగిసేసరికి విదేశాలకు తిరిగే పెద్ద ఓడలన్నిటికీ అది తప్పనిసరైంది. మన తీరంలో ఆ సంకేతాలను లైట్‌హౌస్‌ల మీది యాంటెన్నాలు అందుకుంటాయి.

నడిచే ఓడ 2 నుంచి 10 సెకన్లకోసారి తానున్న చోటు, వేగం చెబుతుంది. ముక్కు ఎటుందో, నిజంగా ఎటు కదులుతోందో విడివిడిగా చెబుతుంది. ఎదురుపడిన ఓడలు గుద్దుకోకుండా చేసిన ఏర్పాటిది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కబుర్లే కొండంత పోగుపడ్డాయి.

ఉన్న వేగంతో గీత పొడిగించే పాత లెక్క కాసేపటికే పనికొస్తుంది. ఓడ మలుపు తిరిగితే ఆ లెక్క తప్పుతుంది. 2013లో ఇటలీలోని లా స్పెజియాలో నాటో పరిశోధకులు పాత జాడలనే కంప్యూటరుకు చదివించారు. ఓడలు ఎక్కడ తిరుగుతాయో, ఎక్కడ ఆగుతాయో అది తనంతట తానే పట్టుకుంది. ఆ తర్వాత వచ్చిన న్యూరల్ నెట్‌వర్క్‌లు గంటల ముందే దారి అంచనా కట్టే దాకా వెళ్లాయి.

అలవాటైన దారి అయితే సరే. గాలికి కొట్టుకుపోయే ఓడకు ఆ అంచనా చాలదు. 2020 అక్టోబరు 13న వాయుగుండం గాలులకు బంగ్లాదేశ్ ఓడ ఎం.వి. మా లంగరు నిలవక, విశాఖ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది. లంగరేసిన ఓడ గాలివాటుకు లంగరు చుట్టూనే తిరుగుతుంది. ఆ చుట్టు దాటిందంటే లంగరు జారుతున్నట్టే. రోజువారీ జాడలు మాత్రమే చదివిన యంత్రానికి ఇలాంటి ఘటనలు పెద్దగా ఎదురుకావు.

గాలి, అలలు, ప్రవాహాల సూచనలిచ్చే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది హైదరాబాదులోనే. సముద్రంలో కొట్టుకుపోయే పడవలు, మనుషులు ఎటు చేరతారో లెక్కగట్టే 'సారాట్' అక్కడిదే. ఆ లెక్కనూ లైట్‌హౌస్‌లు అందుకున్న జాడలనూ కలిపి యంత్రానికి నేర్పాలి. విశాఖ బయట లంగరేసిన ప్రతి ఓడకూ తుఫాను రాత్రుల్లో ఆ కాపలా ఉండాలి.