బావి అడుగున 17 మంది



బైబిలులో బావి అనగానే మనకు సంతోషమైన సంగతులే గుర్తుకొస్తాయి. రిబ్కా కుండ దించింది బావి దగ్గరే. సమరయ స్త్రీతో మన ప్రభువు మాట్లాడింది కూడా బావి దగ్గరే. ఈ రోజు మనము ధ్యానించే బావి అలాంటిది కాదు.

2004లో ఇంగ్లండులోని నార్విచ్ పట్టణములో ఒక షాపింగ్ సెంటర్ కడుతుండగా మధ్యయుగపు బావి ఒకటి బయటపడింది. పురావస్తు పరిశోధకులు తవ్వి చూస్తే అందులో కనీసం 17 మంది ఎముకలున్నాయి. ఆరుగురు పెద్దవాళ్లు, 11 మంది పిల్లలు. సమాధిలో పడుకోబెట్టినట్టు కాదు, ఒకరి మీద ఒకరిని పడవేసినట్టు ఉన్నాయి.

వాళ్లు 1161కీ 1216కీ మధ్య చనిపోయినట్టు ఎముకల పరీక్షలో తేలింది. 2022లో ఆరుగురి డీఎన్ఏ ఫలితాలు ప్రకటించారు. వాళ్లు యూదులే అయి ఉండాలని పరిశోధకులు చెప్పారు. అందులో ముగ్గురు సొంత అక్కచెల్లెళ్లు. మూడేళ్లు నిండని ఒక బాబు కూడా ఉన్నాడు.

1190 ఫిబ్రవరి 6న నార్విచ్‌లో ఇళ్లలో దొరికిన యూదులను చంపారని ఆ కాలపు చరిత్రకారుడు రాల్ఫ్ డి డైసెటో వ్రాశాడు. ఈ బావిలోనివారు ఆ రోజు చనిపోయినవారే కావచ్చని పరిశోధకుల అభిప్రాయము. చంపినవారెవరు? యెరూషలేముకు యుద్ధానికి వెళ్లాలని సిలువ గుర్తు ధరించినవారు. ఇది చదువుతున్నప్పుడు మన తల వంగాలి.

ఈ ద్వేషము ఒక్క రోజులో పుట్టలేదు. దానికి 46 ఏళ్ల ముందు, 1144లో, అదే పట్టణములో విలియం అనే బాలుడు హత్యకు గురయ్యాడు. ఋజువేమీ లేకుండానే ఆ నేరము యూదుల మీద మోపారు. తరువాత థామస్ అనే సన్యాసి ఆ నిందను పుస్తకముగా వ్రాశాడు. గుడిలోనే ఆ అబద్ధానికి గౌరవము దొరికింది. అది పట్టణాలు దాటి పాకింది.

మనము ఎవరినీ బావిలో తోయలేదు, నిజమే. కాని “వాళ్లు అలాంటివాళ్లంట” అన్న మాట మన నోట ఎన్నిసార్లు వచ్చింది? పక్క వీధివారి గురించో, వేరే కులమువారి గురించో, వేరే మతమువారి గురించో ఫోనులో వచ్చినదాన్ని విచారించకుండా ఎంతమందికి పంపాము? ఆ “అంట” దగ్గరే మనము ఆగాలి. మన రక్షకుడు యూదుడు, ఆయనను కన్న మరియమ్మ యూదురాలు. ఆయన సిలువ గుర్తు వేసుకొని ఆయన జనమునే చంపినవారు కూడా తాము భక్తిపరులమనే అనుకున్నారు.

అంతకు ముందు జరిగిన పరీక్షలను బట్టి 2013లోనే ఆ 17 మందిని నార్విచ్‌లో యూదుల ఆచారము ప్రకారము సమాధి చేశారు. ఎనిమిది వందల ఏళ్లకు పైగా ఆలస్యమైంది. హేబెలు రక్తము మొర విన్న దేవుడు ఆ బావిలోని మొర కూడా విన్నాడని మనము నమ్ముతున్నాము.

ఈ వారము ఇంటి ప్రార్థనలో ఒక్క మనవి చేద్దాము: ప్రభువా, మా నోటిని, మా వేళ్లను కాపాడుము. ఆమేన్.