ఆటపెట్టెల ఆయుర్దాయము

తాటియాకుపై గంటముతో వ్రాసిన గ్రంథము, చెదపురుగు కంటబడక, పొగచూరిన అటకపై పదిలముగా నున్నచో, రెండు మూడు వందల సంవత్సరములు నిలుచును. రాతిపై చెక్కిన శాసనము వేయేండ్లైనను నిలుచును. కాని మన తరములోనే పుట్టి, మన కన్నులయెదుటనే కోట్లకొలది బాలబాలికలను మరులుగొలిపిన వీడియో గేము మాత్రము, దానిని సృజించిన శిల్పి యింకను జీవించియుండగనే శిథిలమై పోవుచున్నది. ఆ శైథిల్యమునకు అడ్డుపడి, జీతము లేక, బిరుదు లేక, అనేకదేశములలో పేరైనను వెల్లడించుకొనక పాటుపడినవారి చరిత్రము విజ్ఞానచరిత్రలో ఒక సత్కథ యని నా విశ్వాసము. అందు నాణెము వేసి ఆడు ఆర్కేడ్ యంత్రముల వృత్తాంతము మిక్కిలి విశిష్టమైనది.

ఆదిలో ఈ ఆటలకు నాణెముతో సంబంధము లేదు. 1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో స్టీవ్ రస్సెల్, అతని మిత్రులు కలిసి పీడీపీ-1 అను కంప్యూటరుపై రచించిన 'స్పేస్‌వార్' అను అంతరిక్షయుద్ధక్రీడ, చిల్లులు పొడిచిన కాగితపు పట్టీపై నిక్షిప్తమైయుండెను. ఆ పట్టీకి ప్రతి తీసికొన్నవాడెల్ల ఆ ఆటకు రక్షకుడే; ఆ ప్రతులు చేతులు మారుచు ఇతర విశ్వవిద్యాలయములకు ప్రాకెను గనుకనే అది బ్రదికినది. కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూ పట్టణమున కంప్యూటర్ హిస్టరీ మ్యూజియమువారు పునరుద్ధరించిన పీడీపీ-1 పై సందర్శకులకు నేటికిని దానిని ఆడి చూపుచున్నారు.

పదేండ్లకు పిమ్మట, 1972లో, అటారీ సంస్థకై అలన్ ఆల్కార్న్ నిర్మించిన 'పాంగ్' యంత్రమును సన్నీవేల్‌లోని ఆండీ క్యాప్స్ అను మద్యశాలలో నిలిపిరి. కొలది దినములకే అది పనిచేయుట మానినదని కబురు రాగా, ఆల్కార్న్ వెళ్ళి తలుపు తెరచి చూచెను. నాణెముల డబ్బా నిండి పొర్లుటయే ఆ రోగము. ఈ కథను అందరును చెప్పుదురు. కాని పరిరక్షకుల దృష్టిలో ఆ పెట్టెను గూర్చిన ముఖ్యవిషయము వేరు. అందులో ప్రోగ్రామ్ అనునది లేనే లేదు. బంతి, బ్యాట్లు, గెలుపోటముల లెక్క, సమస్తమును చిన్న చిన్న లాజిక్ చిప్పుల నడుమ తీగెలు కలిపిన తీరుననే ఇమిడియున్నవి. ప్రతి తీసికొనుటకు అక్కడ గ్రంథమే లేదు; ఆ ఆటను మరియొక యంత్రమున పలికింపవలెనన్న, ప్రతి చిప్పు గుండా విద్యుత్సంకేతము ప్రసరించుటకు పట్టు కాలమును సైతము లెక్కగట్టి, ఆ సర్క్యూటు నంతటిని గణితముగా పునర్నిర్మింపవలెను. అత్యంత సరళముగా కనబడు ఆటయే పరిరక్షణకు అత్యంత దుర్ఘటమైనది.

1978లో జపానునందు టైటో సంస్థ వెలువరించిన 'స్పేస్ ఇన్వేడర్స్' నాటికి ఆటలోనికి ప్రోగ్రామ్ ప్రవేశించినది. తొమోహిరో నిషికాడో అను ఇంజనీరు ఇంటెల్ 8080 ప్రాసెసరును వాడి దానిని రచించెను. శత్రువులు తెరపై బారులు తీరియున్నంతవరకు వారి నడక మందముగా నుండును. ఒక్కొక్కరు కూలుకొలది తక్కినవారి వేగము హెచ్చును. కడపటివాడు పిడుగువలె పరుగెత్తును. ఆటగాని గుండె దడదడలాడునట్లు చేయు ఈ త్వరణము మొదట ఎవరును సంకల్పించినది కాదు. గీయవలసిన బొమ్మలు తగ్గుకొలది ప్రాసెసరుకు శ్రమ తగ్గి, మిగిలినవానిని అది వడిగా గీయగలిగెను. నిషికాడో దానిని సరిచేయక అట్లే ఉంచెను. కావున ఈ ఆటను నిలుపదలచినవాడు ప్రోగ్రామును మాత్రము ఎత్తి వ్రాసికొన్న చాలదు. ఆ ప్రాసెసరు యొక్క దౌర్బల్యమును కూడ యథాతథముగా నిలుపవలెను.

ఇట్టి యంత్రములు నశించుటకు ప్రథమకారణము వ్యాపారమే. ఆర్కేడ్ యజమానికి పెట్టె యొక పనిముట్టు. నాణెములు రాలుట తగ్గిన మరునాడే ఆటను మోయు లోపలి సర్క్యూటు బోర్డును ఊడబెరికి, క్రొత్త ఆట బోర్డును బిగించి, పైనున్న చిత్రములపై క్రొత్త చిత్రములను అంటించెడివాడు. 1980వ దశకము మధ్యలో జపానీయ నిర్మాతల సంఘము బోర్డులకు, పెట్టెలకు నడుమ జామ్మా అను ఏకరూపమైన కనెక్టరును నిర్ణయించిన పిమ్మట ఈ మార్పిడి మరింత సులభమైనది. తొలగించిన బోర్డు గోదాములోనికో, చెత్తలోనికో పోయెను. 1983లో అమెరికా వీడియో గేమ్ విపణి కుప్పకూలినపుడు అటారీ సంస్థ అమ్ముడుపోని గృహక్రీడల కార్ట్రిడ్జ్‌లను లారీలతో తరలించి, న్యూ మెక్సికోలోని అలమొగోర్డో పట్టణపు చెత్తదిబ్బలో పాతిపెట్టించెను. 2014 ఏప్రిల్‌లో ఆ దిబ్బను త్రవ్వి వానిలో కొన్నింటిని వెలికితీసిరి. ముప్పదియేండ్లు మట్టిలో నున్న 'ఈ.టీ.' అను ఆట కార్ట్రిడ్జ్ ఒకటి నేడు స్మిత్సోనియన్ సంగ్రహాలయమున గౌరవస్థానము పొందియున్నది.

రెండవ కారణము పదార్థధర్మము. ఆర్కేడ్ బోర్డులలో ప్రోగ్రామును భద్రపరచుటకు ఎక్కువగా వాడినది ఈప్రోమ్ అను చిప్పు. 1971లో ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమన్ కనిపెట్టిన ఈ చిప్పునందు ప్రతి అక్షరమును బంధింపబడిన స్వల్పవిద్యుదావేశమే. దాని నడినెత్తిన గాజుకిటికీ యుండును. అతినీలలోహితకిరణములు అందులోనుండి ప్రసరించినచో వ్రాత చెరిగిపోవును. అందుకే ఆ కిటికీపై కాగితపు చీటీ అంటించెడివారు. ఆ చీటీ ఊడినను, ఊడకున్నను, దశాబ్దములు గడచుకొలది ఆవేశము కొంచెము కొంచెముగా జారిపోవును. ఒక్క బిట్టు మారిన చాలు, ఆట మొరాయించును.

మూడవ కారణమును తలచిన నా మనస్సు కలగును. కల్తీప్రతుల బెడదకు వెరచిన కొందరు నిర్మాతలు తమ ఆటలకు తామే మరణశాసనము వ్రాసిపెట్టిరి. సేగా సంస్థ కొన్ని బోర్డులలోను, క్యాప్‌కామ్ సంస్థ 1993లో 'సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2'తో ప్రవేశపెట్టిన సీపీఎస్-2 బోర్డులలోను, ప్రోగ్రామును గుప్తలిపిలో వ్రాసి, దానిని విప్పు తాళపుచెవిని మాత్రము చిన్న బ్యాటరీపై ఆధారపడిన జ్ఞాపకమున నుంచిరి. దొంగప్రతి తీయదలచి ఎవడైన దానిని కదల్చినచో తాళపుచెవి మాయమగును. దొంగ లేకున్నను బ్యాటరీ ఏనాటికైన అడుగంటక తప్పదు గదా! అది అడుగంటిన క్షణమున, న్యాయముగా మూల్యము చెల్లించి కొన్నవాని బోర్డు కూడ ఖాళీ తెరను చూపుచు మూగవోవును. ఆటగాండ్రు దీనికి ఆత్మహత్యా బ్యాటరీ యని పేరుపెట్టిరి. తన సొత్తును కాపాడుకొనుటకు నిర్మాతకు గల హక్కును నేను కాదనను. కాని తన కృతి తన తరువాత జీవింపకుండునట్లు కట్టడి చేయు హక్కు ఎవనికిని లేదని నా దృఢాభిప్రాయము.

ఇట్టి సమయమున, 1997 ఫిబ్రవరిలో, ఇటలీ దేశస్థుడగు నికోలా సాల్మోరియా 'మల్టిపుల్ ఆర్కేడ్ మెషీన్ ఎమ్యులేటర్' అను ప్రోగ్రామును లోకమునకు విడిచెను. దానిని అందరు సంక్షిప్తముగా మేమ్ అందురు. 'ప్యాక్‌మ్యాన్' బోర్డును, దానిని పోలిన మరి కొన్ని బోర్డులను సామాన్య కంప్యూటరుపై అనుకరించుటతో ఆరంభమైన ఆ కార్యము, వివిధదేశముల స్వచ్ఛందసేవకుల చేయూతతో వేలకొలది యంత్రములకు విస్తరించినది. 2015లో గృహకంప్యూటర్లను అనుకరించు సోదరప్రోగ్రాము దీనిలో లీనమైనది; 2016లో ఇది స్వేచ్ఛాసాఫ్ట్‌వేరుగా ప్రకటింపబడినది. ఆటలాడుట కాక యంత్రముల పనితీరును లిఖించి నిలుపుటయే తమ పరమోద్దేశమని దాని రచయితలు మొదటినుండియు చెప్పుచున్నారు. ఆ మాట యథార్థము. మేమ్ మూలరచనను చదివినవానికి, ఏ బోర్డుపై ఏ స్ఫటికము ఎంత వేగమున కంపించునో, ఏ చిప్పు ఏ స్థానమున నుండునో, వ్యాఖ్యానసహితముగా కనబడును.

ఇక్కడ తెలుగువారికి పరిచితమైన యొక ఉద్యమమును స్మరింపక తప్పదు. సి.పి. బ్రౌను కడపలో నుండి తాళపత్రప్రతులను కొని తెప్పించి, పండితులకు జీతములిచ్చి, ఒకే కావ్యమునకు గల వేరువేరు ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టి పాఠములను సరిచూపించెను. అట్లు చేయకున్నచో మన కావ్యములలో అనేకము నేడు పేరునకైన మిగిలియుండెడివి కావు. మేమ్ పరివారము చేసిన పని ఆ పాఠపరిష్కరణమే. ఒక బోర్డునుండి చిప్పులను ఊడదీసి, వానిలోని వ్రాతను చదివి, దానికి సీఆర్‌సీ, షా-1 అను సంఖ్యాముద్రలు వేయుదురు. వేరొక దేశమున వేరొకని యొద్దనున్న అదే ఆట బోర్డును చదివినపుడు ముద్రలు సరిపోలినచో ఆ పాఠము నిశ్చితమగును. సరిపోలనిచో ఏదో యొక చిప్పు చెడినదనియో, నిర్మాతయే మధ్యలో ఆటను సవరించెననియో గ్రహింపవలెను. జపాను ప్రతికి అమెరికా ప్రతికి గల పాఠభేదములు, కల్తీదారులు చేసిన ప్రక్షిప్తములు, అన్నియు అందు నమోదైయున్నవి. అరుదైన బోర్డు వేలమునకు వచ్చినపుడు పదుగురు చందాలు వేసికొని కొని, చదివి, పాఠమును లోకమునకు దక్కించిన సందర్భములు పెక్కు. బోర్డును పెట్టెలో దాచి, దాని యేకైకత్వమే తన ఐశ్వర్యమని భావించు సంగ్రాహకులును ఉన్నారు. అట్టివారి వాకిట యాచకులై, ఏండ్లతరబడి ఓర్పుతో అడిగి, చదువుటకు ఒక్కదినము ఎరవు తెచ్చుకొనుట కూడ ఈ సేవలో భాగమే.

సీపీఎస్-2 గుప్తలిపితో సాగిన పోరాటము వీరి ప్రజ్ఞకు నికషోపలము. 2001లో ఒక బృందము, బ్యాటరీ బ్రదికియున్న బోర్డు తాను విప్పి చదువుకొనుచున్న సమాచారమును దానిచేతనే బయటికి చెప్పించు ఉపాయమును కనుగొనెను. దానితో అనేక ఆటలు దక్కినవి. కాని ప్రతి ఆటకును సజీవమైన బోర్డు దొరకవలెను, గుప్తలిపి యొక్క రహస్యము మాత్రము అట్లే నిలిచెను. 2007లో సాల్మోరియా, ఆండ్రెయాస్ నైవ్ అను పేరుతో కృషిచేసిన మరియొక విశ్లేషకునితో కలిసి, ఆ రహస్యమును సమూలముగా ఛేదించెను. ఒక్కొక్కటి నాలుగు ఆవృత్తులు గల రెండు ఫైస్టెల్ జాలములు (పాఠమును మరల మరల కలగలుపు గుప్తీకరణక్రమములు), 64 బిట్ల తాళపుచెవి, ఇదియే దాని స్వరూపమని తేలినది. మృతబోర్డుల చిప్పులలో అప్పటికిని చెక్కుచెదరక మిగిలిన గుప్తపాఠములు అర్థవంతమైనవి. 2016 నాటికి వేరొక బృందము, బ్యాటరీ ఉడిగిన బోర్డులోనికి దాని తాళపుచెవిని తిరిగి ఎక్కించు మార్గమును కనుగొని వెల్లడించినది. మూగవోయిన బోర్డులు మరల పలికినవి.

చదువుటకు వీలులేకుండ నిర్మాత మూసివేసిన చిప్పుల విషయమున మరింత కఠోరమైన మార్గమును అవలంబింపవలసి వచ్చెను. చిప్పు పైకప్పును ఆమ్లముతో కరగించి, లోపలి సిలికాన్ పలకను సూక్ష్మదర్శినితో ఛాయాచిత్రములు తీసి, ఆ చిత్రములలోని సున్నలను, ఒకట్లను కంటితో ఏరి వ్రాసికొందురు. ఆ చిప్పు మరల పనిచేయదు. ఒక ప్రతిని బలియిచ్చి పాఠమును నిలుపుట యన్నమాట.

చట్టము ఈ కృషిని ఆదరించినదా యన్న, లేదనియే చెప్పవలెను. ప్రతులు తీయనిదే ఏ ఆటయు దక్కదు. ప్రతి తీయుట మాత్రము హక్కుదారుని అనుమతి లేనిదే సాధారణముగా చట్టవిరుద్ధము. హక్కుదారు డెవ్వడు? టోప్లాన్ సంస్థ 1994లో మూతపడినది. డేటా ఈస్ట్ 2003లో దివాలాయెత్తినది. అట్టి సంస్థల ఆటల హక్కులు చేతులు మారుచు పోయినవి. మేమ్ రచయితలు యంత్రమును అనుకరించు ప్రోగ్రామును మాత్రమే పంచుచు, ఆటలను పంచకుండుట ఈ సంకటమువలననే. సంస్థలు స్వయముగా పూనుకొన్న మంచిపనిని కూడ చెప్పవలెను: హ్యామ్‌స్టర్ సంస్థ 'ఆర్కేడ్ ఆర్కైవ్స్' పేర 2014 నుండి పాత ఆర్కేడ్ ఆటలను ఒక్కొక్కటిగా అనుమతితో పునర్ముద్రించుచున్నది. ఐనను 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ ప్రకటించిన పరిశీలన ప్రకారము, 2010కి పూర్వము అమెరికాలో విడుదలైన ఆటలలో 87 శాతము విపణిలో లభించుట లేదు. గ్రంథాలయములు తాము భద్రపరచిన పాత ఆటలను దూరప్రాంతపు పరిశోధకులకు చూపుటకు అనుమతి వేడగా, 2024 అక్టోబరులో అమెరికా ప్రభుత్వము నిరాకరించినది. పుస్తకమును, చలనచిత్రమును చదువరికి అందించు గ్రంథాలయము ఆటయెదుట మాత్రము చేతులు కట్టుకొని నిలుచుట న్యాయము కాదు.

పాఠము దక్కినను దక్కనివి కొన్ని కలవు. నాటి ఆటలు పిక్చర్ ట్యూబు గల తెరకై చిత్రింపబడినవి. తెరకు గురిపెట్టి కాల్చు తుపాకి ఆటలో, మీట నొక్కినంతనే తెర క్షణకాలము నల్లబడి, లక్ష్యమున్న చోట మాత్రము తెల్లని చతురస్రము మెరయును. తుపాకిలోని నేత్రము ఆ వెలుగును పట్టును. నేటి పలుచని తెర ఆ వెలుగును కొంత యాలస్యముగా చూపును గనుక తుపాకి గ్రుడ్డిదగును. ట్యూబుల తయారీ ఆగిపోయినందున పాత టీవీలను మరమ్మతు చేయగల మెకానిక్కు నేడు పరిరక్షకులకు ఆప్తబంధువు.

మన ఊళ్ళలోనికి వీడియో గేము ముఖ్యముగా టీవీకి తగిలించు ఆటపెట్టె రూపమున వచ్చెను. 1983లో జపానున నింటెండో సంస్థ విడుదల చేసిన ఫ్యామికామ్ అను ఆటపెట్టెకు అనధికారముగా చేసిన నకళ్ళవి. 1990వ దశకమున తెలుగు పట్టణములలో విరివిగా అమ్ముడుపోయినవి. పిల్లలు కార్ట్రిడ్జ్‌ను క్యాసెట్ అనిరి, ఆట మొదలుకాకున్న దానిని ఊడదీసి నోటితో ఊదిరి. వేల ఆటలున్నవని పైన ముద్రించిన క్యాసెట్‌లో పట్టుమని పదో ఇరువదో ఆటలే పేర్లు మార్చుకొని తిరిగి తిరిగి వచ్చెడివి. వానిలో కొన్నింట బొమ్మలు, రంగులు, ప్రాణముల లెక్క ఎవరో అజ్ఞాతహస్తము మార్చియుండెను. ఈ ప్రక్షిప్తపాఠములను సైతము ఇప్పుడు స్వచ్ఛందసేవకులు సేకరించుచున్నారు. ఆ క్యాసెట్‌లలో చిప్పు ఊడదీయుటకు వీలులేకుండ నల్లని జిగురుముద్ద క్రింద అతుకబడియుండును. అంచునగల పిన్నుల గుండా మాత్రమే దానిని చదువవలెను. ఆ పిన్నులకు చిలుము పట్టకముందే చదివినవారికి పాఠము దక్కును.