దారిలో ఆగిన చక్రవర్తి

గొప్పవారి జ్ఞాపకార్థము లోహముతో పోసిన బిళ్లలను జ్ఞాపక పతకములందురు. ఇవి నాణెములు కావు. వీటితో ఉప్పైనను కొనలేము. ఒక మనుష్యుని ముఖమును, ఒక కాలమును మరువకుండుటకే వీటిని చేసిరి. పాత కంచు పతకములను కూర్చువారు మిక్కిలి విలువగా నెంచు ఒకదానిని గూర్చి వినుడి.

నేటి ఇస్తాంబుల్ నగరమునకు పూర్వము కాన్‌స్టాంటినోపుల్ అని పేరు. దానిని ఏలిన ఎనిమిదవ యోహాను చక్రవర్తి 1438లో ఇటలీ దేశమునకు వచ్చెను. తురుష్కులు అతని రాజ్యమును చాలవరకు ఆక్రమించియుండిరి. తూర్పు సంఘమును పడమటి సంఘమును ఏకమైనయెడల పడమటి రాజులు తనకు తోడ్పడుదురని అతడు ఆశించెను. అందుకై ఫెరారా పట్టణమున మహాసభ కూడెను. ఆ దినములలో పిసానెల్లో అను చిత్రకారుడు చక్రవర్తిని చూచి ఈ పతకమును చేసెను. యూరపులో తరువాత వచ్చిన ముఖరూప పతకములకు ఇదియే మొదటిదని పండితులు చెప్పుదురు.

దాని వెడల్పు సుమారు 10 సెంటీమీటర్లు. ఒక ప్రక్క పొడవైన టోపీ ధరించిన చక్రవర్తి ముఖమును, చుట్టును గ్రీకు అక్షరములతో అతని పేరును కలవు. రెండవ ప్రక్క త్రిప్పుడి. అచ్చట యుద్ధము లేదు, జయధ్వజము లేదు. గుఱ్ఱముమీద నున్న చక్రవర్తి దారి ప్రక్కనున్న సిలువ యెదుట ఆగి, చేతులు జోడించియున్నాడు.

ఇట్టి పతకమును ఎట్లు పరీక్షింతురు? మొదట మైనముతో రూపము చేసి, దానినుండి మూస తీసి, కరగిన కంచును పోయుదురు. కంచు చల్లారినప్పుడు కొంచెము కుదించుకొనును. గనుక పోసిన పతకమునుండి మరల మూస తీసి పోసినయెడల క్రొత్తది మొదటిదానికంటె చిన్నదగును. అక్షరముల అంచులును మొద్దుబారును. అందుచేత నేర్పరులు కొలబద్దతో వెడల్పు కొలిచి, భూతద్దముతో అక్షరములను చూతురు. నకలునుండి నకలు తీసినకొలది మూలరూపము దూరమగును. మనము చెంబులను తోమునట్లు పతకమును చింతపండుతో తోమరాదు. ఏండ్ల తరబడి దానిపై పట్టిన ముదురు రంగు పొర పోయినయెడల తిరిగి రాదు.

చక్రవర్తి ఆశ యేమాయెను? సభ ఫ్లారెన్సు నగరమునకు మారి, 1439 జూలైలో ఐక్యతను ప్రకటించెను. అయితే స్వదేశమున జనులలో అనేకులు దానిని అంగీకరింపలేదు. సంతకము చేసినవారిలో కొందరు వెనుకకు మరలిరి. యోహాను 1448లో మరణించెను. 1453 మే 29న నగరము తురుష్కుల వశమాయెను.

చదువరులారా, ఆ సింహాసనము లేదు, ఆ రాజ్యము లేదు. అతడు కోరిన సహాయము చాలినంత రానేలేదు. అయినను కంచులో నిలిచినది అతని ఓటమి కాదు. త్రోవలో గుఱ్ఱమును ఆపి ప్రార్థించిన ఆ గడియ. మన బ్రదుకును రెండవ ప్రక్క త్రిప్పి చూచువారికి ఏమి కనబడునో నేడే యోచించుకొందము.