అతీంద్రియ శక్తి సాధనతో అలవడుతుందా?



సుమారు ముప్పయి సంవత్సరాల క్రితం నేను ఒక జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తుండగా, ఒక రైతు తన పంతొమ్మిదేళ్ల కుమారుణ్ణి నా వద్దకు తీసుకువచ్చాడు. ఎదుటివారి మనసులోని మాటలు తనకు వినిపిస్తున్నాయని ఆ యువకుడు ఎనిమిది నెలలుగా చెబుతున్నాడు. మొదట ఇంటిల్లిపాదీ సంతోషించారు. పోయిన వస్తువుల జాడ అడగడానికి ఇరుగుపొరుగువారు వచ్చేవారు. తెలిసిన పెద్దమనిషి ఒకరు, ఈ శక్తిని సాధనతో వృద్ధి చేసుకోవాలని చెప్పి, మండలం రోజుల పాటు అతనిచేత ఉపవాసాలు, జాగరణలు చేయించాడు. ఇంట్లోవారు తనకు విషం పెట్టాలనుకుంటున్నారని, ఆ ఆలోచన కూడా తనకు వినిపిస్తున్నదని, నా వద్దకు వచ్చేనాటికి అతడు అన్నం ముట్టడమే మానివేశాడు.

ఇది శక్తి కాదని, చికిత్స గల మానసిక వ్యాధి అని తండ్రికి వివరించాను. ఆయన ఒకే ప్రశ్న వేశాడు. "సాధన చేస్తే శక్తులు వస్తాయని పెద్దలు చెప్పినదంతా వట్టిదేనాండీ, డాక్టరుగారూ?" ఆనాడు నా వద్ద సరైన సమాధానం లేదు. తరువాతి కాలంలో చదివి తెలుసుకున్న చరిత్రను ఈ వ్యాసంలో మీ ముందుంచుతున్నాను.

సాధనతో సిద్ధులు కలుగుతాయన్న భావన మనకు అతి ప్రాచీనమైనది. పతంజలి యోగసూత్రాలలోని మూడవ భాగానికి విభూతిపాదమనే పేరు. సంయమం వలన పరుల చిత్తాన్ని ఎరుగుట మొదలైన సిద్ధులను అందులో పేర్కొన్నారు. అయితే అదే పాదంలో, అట్టి సిద్ధులు సమాధికి ఆటంకాలని కూడా హెచ్చరించారు. సిద్ధుల గురించి చెప్పేవారు చాలామంది ఈ రెండవ మాటను మాత్రం విడిచిపెడతారు.

ఈ శక్తులను ప్రయోగశాలలో కొలవాలన్న ప్రయత్నం ఇరవయ్యవ శతాబ్దంలో బలపడింది. అందులో ప్రముఖుడు జోసెఫ్ బ్యాంక్స్ రైన్. వృక్షశాస్త్రంలో శిక్షణ పొందిన ఈయన 1927లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి వచ్చారు. సహచరుడైన కార్ల్ జెనర్ రూపొందించిన కార్డులతో పరీక్షలు జరిపారు. వృత్తం, కూడిక గుర్తు, అలల గీతలు, చతురస్రం, నక్షత్రం అనే ఐదు గుర్తులు, ఒక్కొక్కటి ఐదు కార్డుల చొప్పున కట్టలో మొత్తం 25 కార్డులు. ఏ శక్తీ లేనివాడు ఊరకే ఊహించినా సగటున 5 సరిపోతాయి. అంతకంటె ఎక్కువ సరిగా చెప్పగలవారు కొందరున్నారని రైన్ 1934లో ప్రకటించిన గ్రంథం పెద్ద సంచలనం కలిగించింది.

వారిలో హ్యూబర్ట్ పియర్స్ అనే విద్యార్థి ప్రసిద్ధుడు. 1933-34లో అతనిని గ్రంథాలయంలో కూర్చోబెట్టి, మరొక భవనంలో ప్రాట్ అనే పరిశోధకుడు కార్డులను ఒక్కొక్కటిగా తీసిపెట్టారు. 1850 ప్రయత్నాలలో 558 సరిపోయాయి. కాకతాళీయంగా రావలసినవి 370 మాత్రమే. అయితే గ్రంథాలయంలో పియర్స్‌ను కనిపెట్టి ఉన్నవారెవరూ లేరు. 1960లో హాన్సెల్ అనే బ్రిటిష్ మనోవైజ్ఞానికుడు ఆ భవనాలను స్వయంగా పరిశీలించి, అతడు రహస్యంగా వచ్చి కార్డులను చూసే అవకాశం ఉన్నదని వాదించారు. చూశాడని ఆయన నిరూపించలేదు. కాని ఆ అవకాశాన్ని మూసివేయని పరీక్ష రుజువు కాజాలదు.

ఇక్కడ మన ప్రశ్నకు సంబంధించిన ఒక విషయాన్ని రైన్ స్వయంగా గమనించారు. పరీక్ష కొనసాగిన కొద్దీ ఫలితాలు క్షీణించేవి. మొదట్లో అద్భుతంగా చెప్పినవారు క్రమంగా సగటు స్థాయికి దిగిపోయేవారు. పియర్స్ కూడా కొంతకాలానికి తన నేర్పును కోల్పోయాడు. ఆలోచించండి: వీణ వాయించడం గాని, సూది వేయడం గాని, ఏ విద్య అయినా అభ్యాసంతో పెరుగుతుంది. అభ్యాసం చేసిన కొద్దీ తరిగిపోయే విద్యను మీరెక్కడైనా చూశారా? అదృష్టవశాన వచ్చిన పెద్ద అంకె మాత్రం, ప్రయత్నాల సంఖ్య పెరిగేకొద్దీ సగటుకు చేరుకుంటుంది.

ఈ చరిత్రలో మన తెలుగు నేలకూ స్థానమున్నది. రైన్ వద్ద పనిచేసి వచ్చిన ఆచార్య కోనేరు రామకృష్ణారావుగారు 1967లో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞాన, పరామనోవిజ్ఞాన శాఖను నెలకొల్పారు. తరువాత ఆ విశ్వవిద్యాలయానికే ఉపకులపతి అయ్యారు. 2011లో పద్మశ్రీ పొందారు. ఆయనా, ఆయన సహచరులూ ధ్యానసాధకులకు ధ్యానానికి ముందూ తరువాతా కార్డుల పరీక్షలు జరిపి, తరువాతి ఫలితాలు మెరుగ్గా ఉన్నాయని వ్రాశారు. వారి విద్వత్తునూ, పరిశ్రమనూ నేను గౌరవిస్తాను. అయితే అట్టి ఫలితాలు, నమ్మకం లేనివారి చేతులలో కూడా నిలకడగా పునరావృతమై, శాస్త్రలోకం అంగీకరించే స్థాయికి చేరలేదు.

సాధన ప్రశ్నను సూటిగా పరీక్షించినవారు కాలిఫోర్నియాకు చెందిన చార్లెస్ టార్ట్. క్షీణతకు కారణం శిక్షణ లోపమేనని ఆయన తలచారు. చెప్పిన ప్రతి సమాధానం తప్పో ఒప్పో వెంటనే తెలియజేస్తే ఏ విద్యనైనా నేర్చుకోవచ్చు కదా! ఆ సూత్రంతో యంత్రాన్ని ఏర్పాటు చేసి, 1970లలో విద్యార్థులకు శిక్షణ ఇచ్చారు. మొదటి ఫలితాలు ఆశాజనకంగా వచ్చాయి. అంతలో, అదే విశ్వవిద్యాలయపు గణితజ్ఞులు ఒక లోపాన్ని చూపించారు. యంత్రం ఇచ్చిన అంకెలలో, ఒకే అంకె వెంటవెంటనే రెండుసార్లు రావడం ఉండవలసినంతగా లేదు. మనుషులు కూడా ఊహించేటప్పుడు ఒకే అంకెను వెంటనే మళ్లీ చెప్పరు. ఈ రెండూ కలిసినప్పుడు ఏ శక్తీ లేకుండానే మార్కులు పెరగవచ్చు. టార్ట్ బృందం మరలా జరిపిన ప్రయోగంలో ఆ ఫలితం రాలేదు.

అమెరికా ప్రభుత్వం కూడా 1970ల నుండి సుమారు రెండు కోట్ల డాలర్లు వెచ్చించి, దూరదర్శన శక్తి గలవారమన్న వ్యక్తులను గూఢచర్యానికి వినియోగించ ప్రయత్నించింది. 1995లో సమీక్ష జరిగింది. ఇద్దరు సమీక్షకులలో గణాంక శాస్త్రజ్ఞురాలు జెస్సికా ఉట్స్ ఆ శక్తి ఉన్నదన్నారు. మనోవైజ్ఞానికుడు రే హైమన్ అంగీకరించలేదు. కాని ఆ సమాచారం ఏ గూఢచర్య చర్యకూ మార్గదర్శకం కాలేదని నివేదిక తేల్చింది. పథకాన్ని మూసివేశారు.

ఇంత చరిత్ర చదివిన తరువాత నేను చేరిన అభిప్రాయం ఇది. అతీంద్రియ శక్తి ఎక్కడా లేదని ఎవరూ సంపూర్ణంగా నిరూపించలేరు. కాని శ్రద్ధావంతులు దశాబ్దాలు శ్రమించినా, కట్టుదిట్టమైన పరీక్షకు నిలబడి, అభ్యాసంతో పెరిగే శక్తి ఏదీ కనిపించలేదు.

మరి అభ్యాసంతో నిజంగా పెరిగేది ఏది? మా వార్డులో ఒక సీనియర్ నర్సమ్మ ఉండేవారు. "ఈ రాత్రి ఆ మూల మంచం పేషెంటును ఒక కంట చూసుకోండి సార్" అనేవారు. చాలాసార్లు ఆమె మాట నిజమయ్యేది. దివ్యదృష్టి అని ఆయాలు చెప్పుకునేవారు. ఒకనాడు అడిగితే, శ్వాస వేగం, పెదవుల రంగు, దుప్పటిని లాగే వ్రేళ్లు అని వరుసగా చెప్పారు. ముప్పయ్యేళ్లు గమనించి, మరునాటి ఉదయం తన అంచనాను సరిచూసుకున్న సాధన అది. చూడవలసిన గుర్తు ఒకటి నిజంగా ఉన్నది గనుక ఆ సాధన ఫలించింది.

ధ్యానం, ప్రాణాయామం మనశ్శాంతికి మంచివే. నేనూ చేస్తాను. కాని మీ ఇంట్లో ఒక యువకుడో యువతియో ఇతరుల ఆలోచనలు వినిపిస్తున్నాయనీ, తన ఆలోచనలు అందరికీ తెలిసిపోతున్నాయనీ, టీవీలో తన గురించే మాట్లాడుతున్నారనీ చెబితే, నిద్ర తగ్గితే, నలుగురికీ దూరమైతే, దానిని వరమనుకోకండి. ఉపవాసాలు, జాగరణలు చేయించకండి. నిద్రలేమి ఆ వ్యాధిని మరింత పెంచుతుంది. వెక్కిరించకండి, కొట్టకండి. వెంటనే మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. ప్రభుత్వ ఉచిత సేవ టెలీ మానస్‌కు 14416 నంబరుపై ఫోను చేయవచ్చు. చికిత్స ఎంత త్వరగా ఆరంభమైతే కోలుకోవడం అంత మెరుగ్గా ఉంటుంది.

ఆ రైతు కుమారునికి మందులు పనిచేశాయి. కొన్ని వారాలలో మాటలు వినిపించడం తగ్గి, తల్లి చేతి అన్నం తిన్నాడు. కాని ఆగిపోయిన చదువు మరలా సాగలేదు. ఆ ఎనిమిది నెలలను నేను తిరిగి ఇవ్వలేకపోయాను. మీ ఇంట ఆ నెలలు వృథా కాకూడదనే ఈ వ్యాసం వ్రాశాను.